హాలిడే క్లబ్బులో చేర్చే ముందు

ఇంగ్లండ్‌లోని మన గ్రూపు సభ్యులకు నమస్కారం. వేసవి సెలవులకు పిల్లలను క్లబ్బులో చేర్చదలచినవారు ముందుగా దానిపై ఆఫ్‌స్టెడ్ (బడులను, పిల్లల సంరక్షణ కేంద్రాలను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన నివేదికను చదవగలరు. అయితే ఇటువంటి క్లబ్బుల విషయంలో సాధారణంగా నిబంధనలు పాటిస్తున్నారా లేదా అన్నదే తేలుస్తారు గనుక, ఆ కాగితం ఒక్కటే చాలదు. గోడల మీది రంగుల బొమ్మలకు మురిసిపోవడం తేలికే. మీరు స్వయంగా వెళ్లి, పిల్లలు తినేటప్పుడు పెద్దలెవరైనా దగ్గర కూర్చుంటున్నారో లేదో, సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన కొత్తవారిని పాస్‌వర్డ్ అడుగుతున్నారో లేదో గమనించండి. రిసెప్షన్ తరగతి (బడిలో మొదటి ఏడు, నాలుగైదేళ్ల) వయసు పిల్లలున్న చోట, మూడేళ్లకోసారి పునరుద్ధరించుకునే ప్రథమ చికిత్స సర్టిఫికెట్ గలవారు ఒకరైనా ఎల్లవేళలా ఉండాలి. శాకాహారులు, పిల్లలకు పంచే జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుందేమో తప్పక అడిగి, తమ అభ్యంతరాన్ని దరఖాస్తులోనే రాసి ఇవ్వగలరు.