సీసాలో మిగిలిన ముక్క

అమ్మడూ,

మ్యూజియం నమూనాలతో పని మొదలుపెట్టావు కాబట్టి ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ విందు సంగతి నీకు తెలియాలి. న్యూయార్క్‌లో 1904లో పుట్టిన అన్వేషకుల సంఘం అది. ఏటా జరిగే విందులో మామూలుగా ఎవరూ తినని వాటిని వడ్డించడం వాళ్ళ ఆనవాయితీ.

1951 జనవరి 13న రూజ్‌వెల్ట్ హోటల్లో జరిగిన విందులో మంచులో గడ్డకట్టిన మామత్ (అంతరించిన బొచ్చు ఏనుగు) మాంసం పెట్టారన్న మాట పత్రికకెక్కింది. జనం దశాబ్దాలపాటు నమ్మారు. బ్రూస్ మ్యూజియంకు చెందిన పాల్ హోవ్స్ ఆ రాత్రి రాలేక, తన వాటా ముక్క దాచి పంపమన్నాడు. విందు నిర్వాహకుడు డాడ్జ్ పంపాడు గానీ, చీటీ మీద మెగాథీరియం అని రాశాడు. అంటే ఎప్పుడో అంతరించిన, ఏనుగంత స్లాత్. ఇప్పటి స్లాత్‌లు చెట్లకు వేలాడే నిదానపు జంతువులు. అది దక్షిణ అమెరికా జంతువు, మాంసమేమో అలాస్కాదన్నారు! చీటీయే నిజమైతే ఆ జంతువు తిరిగిన నేల ఏకంగా అలాస్కా దాకా విస్తరించాలి. ఆ ముక్కకు అంత విలువ అందుకే.

చివరికది యేల్ పీబాడీ మ్యూజియం చేరింది. అక్కడి విద్యార్థులు పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. వండితే డీఎన్ఏ పొట్టి తునకలుగా తెగిపోతుంది. కణానికి రెండేసి ప్రతులుండే కేంద్రక జన్యువులకన్నా, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండి వందల ప్రతులుండే జన్యువు దొరకడం తేలిక. వాళ్ళు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి అనే జన్యువును చదివారు. తేలింది పచ్చ సముద్రపు తాబేలు. ఆ రాత్రి వంటకాల్లో తాబేలు సూప్ ఎలాగూ ఉంది. తాబేలును స్లాత్‌గా మార్చే మందు కనిపెట్టానేమోనని డాడ్జ్ అప్పట్లోనే సరదాగా రాశాడు కూడా. ఎవరూ పట్టించుకోలేదు.

ఇందులో నాకు గొప్పగా తోచేది హోవ్స్ జాగ్రత్త. తప్పుడు చీటీతోనైనా ముక్క మిగిలింది గనకే అరవై ఐదేళ్ళకు నిజం బయటపడింది.

నువ్వు కణజాలం దాచేటప్పుడు కందిగింజంత ముక్క కోసి, దానికి పదింతలు 95 శాతం ఇథనాల్ (ఆల్కహాల్) పొయ్యి. ముక్క పెద్దదైతే ఆల్కహాల్ లోపలికి ఇంకేలోపే నడిమధ్య కుళ్ళుతుంది. నమూనాలు చెడకుండా వాడే ఫార్మలిన్ వద్దు, అది డీఎన్ఏను ప్రొటీన్లతో ముడిపెట్టేస్తుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది, బయట అంటించినది ఊడిపోతుంది. జంతువు పేరు పక్కనే ఆ పేరు చెప్పిందెవరో, దేన్ని చూసి చెప్పారో కూడా రాయి తల్లీ.

నాన్న