పద్దెనిమిది నిండిన మర్నాడు: వార్షిక నివేదిక, 2024–25

మన కాలనీ సంఘం అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక పార్కుతో మొదలై వినాయక చవితితో ముగుస్తుంది. ఈసారి ఆ వరసను మూడు వాక్యాల్లో ముగిస్తున్నాను. పార్కు ప్రహరీ పూర్తయింది. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ వైండింగ్ చేయించాం. చవితి, బతుకమ్మ యథావిధిగా జరిగాయి, వాటి పద్దులు కోశాధికారి చదువుతారు. మిగిలిన చోటంతా పోయిన సర్వసభ్య సమావేశంలో మనం గట్టిగా వాదులాడుకుని మరీ ఆమోదించుకున్న పనికి, అంటే పద్దెనిమిది నిండి పిల్లల హోమ్ నుంచి బయటికి వచ్చేవారికి తోడు నిలిచే పనికి, కేటాయిస్తున్నాను.

ఆ వాదన కొందరికి గుర్తుండే ఉంటుంది. అప్పటివరకు పిల్లల హోమ్‌తో మన సంబంధం భోజనాల వరకే. ఇంట్లో ఎవరిదైనా పుట్టినరోజు వచ్చినా, పెద్దల తిథి వచ్చినా అక్కడికి వెళ్లి అన్నం పెట్టి, ఫోటో దిగి వచ్చేవాళ్లం. ఆదివారాలు నెలల ముందే నిండిపోయేవి. ఒకసారి అక్కడి సూపరింటెండెంట్ నాతో అన్న మాటే మొన్నటి తీర్మానానికి మూలం. "పెట్టేవాళ్లకు కొదవ లేదు సార్. పద్దెనిమిది నిండి గేటు దాటిన పిల్లవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడని అడిగినవాళ్లే లేరు."

అడిగాం. చట్టం కూడా తిరగేశాం. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం సంస్థ నుంచి బయటికి వచ్చినవారికి 21 ఏళ్లు నిండేవరకు అనంతర సంరక్షణ, అంటే సొంత కాళ్ల మీద నిలబడేదాకా సాయం, అందించే వీలుంది. ప్రత్యేక పరిస్థితుల్లో దాన్ని 23 ఏళ్ల వరకు పొడిగించవచ్చని 2016 నమూనా నియమావళి చెబుతోంది. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, శిక్షణ కాలంలో స్టైపెండ్, సలహా చెప్పే ఒక పెద్ద దిక్కు, అన్నీ ఆ నియమావళిలో రాసి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం కూడా ఉంది. అయితే బయటికి వెళ్లే పిల్లలకు ఆర్థిక సహాయం గురించి చెప్పే 46వ సెక్షన్‌లో ఉన్న మాట 'ఇవ్వాలి' కాదు, 'ఇవ్వవచ్చు'. ఆ 'వచ్చు' దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. దరఖాస్తు చేసుకోవాలన్న సంగతే తెలియక ఆగిపోయేవి అంతకంటే ఎక్కువ. మేము చూసిన ఏడుగురిలో ఐదుగురికి అలాంటి పథకం ఒకటుందని తెలియదు.

ఒక వ్యత్యాసం చెప్పకుండా ఉండలేను. కరోనాతో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు పీఎం కేర్స్ పథకంలో 23 ఏళ్లు వచ్చేసరికి పది లక్షల రూపాయలు అందుతాయి. మంచిదే. పక్క మంచం మీద పడుకునే పిల్లవాడి తల్లిదండ్రులు అంతకు ముందు సంవత్సరం జ్వరంతో పోతే అతనికి అది వర్తించదు. ఇద్దరూ ఒకే కంచాల వరుసలో కూర్చుని తింటారు.

అన్నట్టు, హోమ్‌లో ఉన్నవారంతా అనాథలనే అభిప్రాయం కూడా మార్చుకోవాలి. తల్లి ఉండి పోషించలేక చేర్పించినవారు, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే వచ్చినవారు, పని నుంచి విడిపించి తెచ్చినవారు కూడా ఉన్నారు. "నీకెవరూ లేరా బాబూ" అని మనలో ఎవరో అడిగితే ఒక కుర్రవాడు "అమ్మ ఉంది, ఇల్లే లేదు" అన్నాడు.

ఇక చేసిన పని. జూన్‌లో మొదలుపెట్టాం, తప్పుగానే మొదలుపెట్టాం. పదో తరగతి దాటిన పిల్లలను కూర్చోబెట్టి, మన కాలనీలోని విశ్రాంత ప్రధానోపాధ్యాయుల చేత వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగాలు ఇప్పించాం. ప్రొజెక్టర్ కూడా పెట్టాం. వెనక వరుస నిద్రపోయింది, ముందు వరుస మర్యాదకు మేలుకుని ఉంది. రెండు వారాలకే దానికి స్వస్తి చెప్పి, నెలకు రెండు శనివారాలు పిల్లలను ముగ్గురు నలుగురి చొప్పున బయటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం. బ్యాంకు కౌంటరు, మీసేవ, హనుమకొండ బస్టాండు, కూరగాయల సంత, ఇలా వాళ్లకు రేపు అవసరపడే చోట్లకే. పని వాళ్లే చేయాలి, మనం పక్కన నిలబడాలి. నోరు మూసుకుని నిలబడటం మన సభ్యులకు ఎంత కష్టమైందో నేను కళ్లారా చూశాను. చలానా పిల్లవాడి చేతిలోంచి లాక్కుని తామే నింపేసినవారు ఇద్దరున్నారు.

సంతలో ఒక్కొక్కరి చేతిలో రెండు వందలు పెట్టి ముగ్గురికి మూడు రోజులకు సరిపడా కూరలు తెమ్మన్నాం. ఒకడు సగం డబ్బుతో మామిడికాయలు కొన్నాడు. మరొక అమ్మాయి ఏమీ కొనకుండా అరగంట తిరిగి వచ్చింది. ధరలు ఎక్కువ అనుకుందేమో అనుకున్నాం. "నీకు ఏ కూర ఇష్టమమ్మా, అది తీసుకో" అని మా ఉపాధ్యక్షురాలు అంటే, ఆ పిల్ల చాలాసేపు ఆలోచించి "ఏది పెడితే అది తింటాం ఆంటీ" అంది. ఏం కావాలో తనంతట తాను చెప్పవలసిన అవసరం ఆమెకు అంతవరకు రాలేదు. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ గంట కొట్టి చెప్పే చోట పదేళ్లు పెరిగిన పిల్ల. మేము తయారుచేసుకున్న జాబితాలో ఈ పాఠం లేదు. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఏదో ఒకటి వాళ్లనే ఎంచుకోమంటున్నాం. చెప్పు రంగైనా సరే, ఎక్కే బస్సైనా సరే.

అక్టోబరులో, మన సంఘం అడ్వాన్సు కట్టి, జామీను సంతకం పెట్టి, నయీంనగర్ వైపు రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఒకటి ఆడపిల్లలకు, రెండోది మగపిల్లలకు. ఆ గదులు దొరకడానికి నెలన్నర పట్టింది. ఇంటి యజమానులు మొదట అడిగేది కులం, తర్వాత అడిగేది నాన్న ఏం చేస్తాడని. రెండింటికీ మన పిల్లల దగ్గర సూటి జవాబు ఉండదు. మన కాలనీలోనే మూడు ఇళ్లకు టు-లెట్ బోర్డులు వేలాడుతున్న రోజుల్లో మేము ఊరంతా తిరిగామన్న సంగతి ఇక్కడ నమోదు చేయడం తప్ప నేను ఇంకేమీ అనను.

మొదటి గదిలో దిగిన అమ్మాయి హోమ్ వంటగదిలో నాలుగేళ్లు చేయి సాయం చేసింది. అరవై మందికి సాంబారంటే పప్పు ఎన్ని కిలోలు, చింతపండు ఎంత, ఉప్పు ఎన్ని గుప్పిళ్లు, అడగకుండానే చెబుతుంది. గదిలో మొదటి సాయంత్రం ఒక్కదానికి ఎన్ని బియ్యం పోయాలో తెలియక డబ్బా ముందు నిలబడిపోయింది. తోచినన్ని పోసి వండితే మూడు రోజులు అదే అన్నం. కోశాధికారి గారి భార్య వెళ్లి, టీ గ్లాసు మీద గోళ్ల రంగుతో ఒక గీత గీసి, "ఇంతవరకు పోస్తే ఒక పూటకు" అని చెప్పి వచ్చారు. ఆ గ్లాసు ఇప్పటికీ ఆ గదిలో ఉంది. అక్కడ దానితో టీ ఎవరూ తాగరు.

మగపిల్లల గదిలో సమస్య తాళంచెవి. ఎన్నడూ సొంత తాళం లేని పిల్లవాడు మొదటి పది రోజుల్లో మూడుసార్లు పోగొట్టాడు. నాలుగోసారి మెడలో తాడు కట్టుకున్నాడు. కాలేజీలో తోటివాళ్లు తాయెత్తు అనుకున్నారట.

కాగితాల పని మేము అనుకున్నదానికి మూడింతలైంది. ఒకరికి ఆధార్‌లో పుట్టినతేదీ ఒకటి, పదో తరగతి మెమోలో మరొకటి. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మార్చుకునే వీలుంది, పేరు రెండుసార్లు. కాబట్టి ఏ కాగితాన్ని దేనికి సరిచేయాలో ముందే తేల్చుకోకుండా తొందరపడితే అంతే సంగతులు. పదిహేనేళ్లు దాటాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, ఇద్దరికి అది జరగలేదు. హోమ్‌లో ఉండగా తెరిచిన బ్యాంకు ఖాతాలు పద్దెనిమిది నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇచ్చేదాకా కదలవు. ఆ ఖాతాలోనే సాయం సొమ్ము పడి ఉంటుంది, చేతికి రాదు. ఆడపిల్లలకు ఆధార్ లాంటి సరైన గుర్తింపు కార్డు చూపిస్తేనే బస్సులో మహాలక్ష్మి పథకం జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం. ఓటరు జాబితాలో చేరడానికి ఇప్పుడు జనవరి ఒకటే కాదు, ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి. ఫారం-6 నింపి నలుగురి పేర్లు చేర్పించాం.

కుల ధ్రువీకరణ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోయిన సమావేశంలో కొందరు అడిగారు. తల్లిదండ్రులను కోల్పోయిన నిరాశ్రయ బాలలు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. కానీ షరతులున్నాయి. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలి, చూసుకునేవారు ఎవరూ ఉండకూడదు, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాలలోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలి. పన్నెండో ఏట అనాథ అయిన పిల్ల ఈ లెక్కకు అందదు. అర్హత ఉన్నవారు కూడా హోమ్‌లో ఉండగానే దీన్ని తెచ్చుకోవడం మేలు. బయటికి వచ్చాక పాత రిజిస్టర్ల కోసం తిరగడం ఎలా ఉంటుందో ఒక కుర్రవాడితో కలిసి నేను నాలుగు నెలలు అనుభవించాను. పాస్‌పోర్టుకు మాత్రం 2016 నుంచి దారి సుగమమైంది. పుట్టినతేదీ రుజువు లేని అనాథలకు ఆశ్రమ అధిపతి తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చే ధ్రువీకరణ సరిపోతుంది.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేనివి. డిసెంబరులో ఒక కుర్రవాడు ఫోనులో రుణయాప్ ద్వారా అప్పు తీసుకున్నాడు. చిన్న మొత్తమే. వారం తిరిగేసరికి వాళ్లు అతని ఫోనులోని నంబర్లన్నింటికీ ఫోన్లు చేశారు. ఆ నంబర్లలో హోమ్ వార్డెన్, నేను, మన వాచ్‌మన్, ఇంకో పదిమంది ఉన్నారు. అంతే. మిగతావాళ్లకైతే ఫోనులో బంధువులు కనీసం యాభై మంది ఉంటారు కదా అనిపించింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. ఫిర్యాదు కంటే, అప్పు ఎందుకు చేశాడో తెలిశాక ఎక్కువ బాధపడ్డాం. తోటి విద్యార్థి అక్క పెళ్లికి పిలిచారు, చదివింపులు ఇవ్వకుండా వెళ్లడం నామోషీ అనుకున్నాడు. మమ్మల్ని అడగవచ్చని అతనికి తోచలేదు.

ఇంకొక అబ్బాయి ఫిబ్రవరిలో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఏప్రిల్ మొదట్లో హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఫంక్షన్ హాల్లో పని దొరికిందన్నాడు. చదువు మానేశాడు. ఒకమ్మాయి పంతొమ్మిదికే పెళ్లి చేసుకుంది. ఇద్దరినీ వైఫల్యాల కింద రాయాలా అని కార్యవర్గంలో చర్చ జరిగింది. మన ఇళ్లలో పిల్లలు ఇలా చేస్తే ఏ నివేదికలోనూ రాయం కాబట్టి వదిలేశాం. అయితే ఆ అమ్మాయి అబ్బాయి నచ్చి పెళ్లి చేసుకుందా, లేక ఉండటానికి ఒక ఇల్లు దొరుకుతుందని చేసుకుందా అన్న అనుమానం నాకు పోలేదు.

శిక్షణ గురించి దాతలకు ఒక మాట. ఆడపిల్లలనగానే కుట్టుమిషను ఇస్తామంటున్నారు. ఇప్పటికే హోమ్‌లో మిషన్లు ఖాళీగా పడి ఉన్నాయి. మనం చూస్తున్న నలుగురు ఆడపిల్లల్లో ఒకరికే కుట్టు ఇష్టం. ఒకరు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నారు, మన కమ్యూనిటీ హాలులో కాలిన స్విచ్‌బోర్డు మార్చింది ఆమే.

పండుగల ఏర్పాటు మొదట్లో మా ఆలోచనలోనే లేదు. దసరాకు కాలేజీ హాస్టళ్లు మూస్తారు, అందరూ ఊళ్లకు బయల్దేరతారు. హాస్టల్లో ఉంటున్న ఇద్దరు బస్టాండులో కూర్చుని ఉండగా మన సభ్యుడొకరు చూశారు. ఎక్కడికీ వెళ్లడానికి కాదు, అందరూ వెళుతున్నారు కాబట్టి వచ్చి కూర్చున్నారు. అప్పటినుంచి ఒక్కొక్కరికి ఒక ఇల్లు చొప్పున కుదిర్చాం. సంక్రాంతికి ఒక ఇల్లు, ఉగాదికి ఇంకో ఇల్లు అని కాదు, ప్రతిసారీ అదే ఇల్లు. దరఖాస్తుల్లో 'సంరక్షకుని ఫోన్ నంబరు' గడిలో రాయడానికి కూడా అదే ఇంటి నంబరు. ఒక ఇంట్లో బంధువులకు "మా దగ్గరికి వచ్చిన అనాథ పిల్ల" అని పరిచయం చేశారని తెలిసింది. ఆ పిల్ల భోజనం చేయకుండా లేచి వచ్చేసింది. దయచేసి పేరుతో పరిచయం చేయండి.

ఫోటోల విషయం ఇంతకు ముందే రెండుసార్లు చెప్పాను. పండ్లు పంచుతూ పిల్లల ముఖాలు కనిపించేలా తీసిన ఫోటోలు మన వాట్సాప్ బృందంలో ఈ ఏడు కూడా వచ్చాయి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల వివరాలు, ఫోటోలు ప్రచురించడం శిక్షార్హం. ఈ నివేదికలో ఒక్క పేరూ లేకపోవడానికి కారణమూ అదే. ఆ బృందంలో ఆ పిల్లల్లో ఇద్దరు కూడా ఉన్నారు.

డబ్బు సంగతి: భోజనాల కోసం వచ్చే విరాళాలు తగ్గాయి, అద్దెల నిధికి ఆ మేరకు పెరగలేదు. పుట్టినరోజు అన్నదానానికి వెంటనే ముందుకు వచ్చే చెయ్యి గది అడ్వాన్సుకు రాదు, అక్కడ కేకు కోయడం కుదరదు కాబట్టి కావచ్చు. అడ్వాన్సు తిరిగి వచ్చే సొమ్మని, ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరికి పనికొస్తుందని మరోసారి మనవి. ఆడిట్ అయిన పద్దు విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం రెండు తీర్మానాలు మీ ముందు పెడుతోంది. ఒకటి, శనివారం కార్యక్రమం పద్నాలుగేళ్ల వయసు నుంచే మొదలుపెట్టాలి. పదిహేడున్నరకు మొదలుపెడితే కాగితాలకే సరిపోతోంది. రెండు, మూడో గదికి అనుమతి ఇవ్వాలి. ఆగస్టులో ముగ్గురికి పద్దెనిమిది నిండుతాయి. వాళ్ల అనంతర సంరక్షణ దరఖాస్తులు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇచ్చేశాం, ఆదేశాలు రావలసి ఉంది. వచ్చినా రాకపోయినా వాళ్లు ఆ నెలలో ఎక్కడో ఒకచోట పడుకోవాలి.

ఆ గదికి పాత సామాను ఇవ్వదలచినవారు ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాలుకు తీసుకురండి. పరుపులు ఇప్పటికే ఎక్కువయ్యాయి, వద్దు. కుక్కర్లు కావాలి, మూడు లీటర్లలోపు. ఇచ్చే ముందు గాస్కెట్ ఒకసారి చూడండి. పోయినసారి వచ్చిన ఐదింటిలో నాలుగు కుక్కర్లు కూత వేయలేదు.