నాలుగు టికెట్లు మూసేశారు, ఒక్కటీ చదవలేదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

హైదరాబాద్ నుంచి మీ యాప్‌లో విదేశాల్లోని పిల్లలకు తెలుగు చెప్పే టీచర్లం. క్లాసు గది తప్పు టైముకు తెరుచుకుంటోందని 2025 నవంబర్ 9 నుంచి మీ హెల్ప్‌డెస్క్‌కు నాలుగు టికెట్లు (ఫిర్యాదులు) పెట్టాం. నాలుగూ ‘పరిష్కరించాం’ అని మూసేశారు. సమస్య ఉన్నచోటే ఉంది. యాప్ అన్నాక లోపాలుంటాయి, దానికి మేం తప్పుపట్టడం లేదు. ఇన్నిసార్లు రాసినా మీ దగ్గర ఒక్కరూ చదవలేదన్నదే మా కోపం.

డాలస్ పిల్లల తెలుగు క్లాసు అక్కడ శనివారం సాయంత్రం 7 గంటలకు. వేసవిలో అది మనకు ఆదివారం ఉదయం 5.30. నవంబర్ 2న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిపారు కాబట్టి, ఇప్పుడు మనకు 6.30 అవ్వాలి. మీ యాప్ మాత్రం 5.30కే గది తెరిచి, గంటకల్లా మూసేసింది. పిల్లలు అక్కడి ఏడింటికి లింకు నొక్కితే ‘క్లాసు ముగిసింది’ అని కనబడింది. వారం వారం జరిగే క్లాసును డాలస్‌కూ వర్తించే ‘అమెరికా/షికాగో’ అనే టైమ్‌జోన్ పేరుతో దాచాలి, అప్పుడే గడియారాల మార్పు లెక్కలోకి వస్తుంది. మీరు యూటీసీ (ఏ కాలంలోనూ మారని ప్రపంచ ప్రామాణిక సమయం)తో దాస్తున్నారు. మీరు పంపే క్యాలెండర్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే టైము చివర యూటీసీకి గుర్తయిన జడ్ (Z) అక్షరం ఉంటుంది, టైమ్‌జోన్ పేరు ఎక్కడా ఉండదు. లండన్ బ్యాచ్‌కు ఇదే చిక్కు, అక్కడ గడియారాలు మారిన అక్టోబర్ 26నే మొదలైంది.

ఇదంతా మొదటి టికెట్‌లోనే రాశాం.

చాట్‌బాట్‌లో ‘ఇతర సమస్యలు’ నొక్కితే తిరిగి మొదటి మెనూకే తెస్తుంది. ‘రీఫండ్’ నొక్కితేనే మనిషి దొరుకుతాడని మాకు రెండు రోజులకు గానీ తెలియలేదు. మొదట దొరికినాయన ఇంటర్నెట్ స్పీడు చూసుకోమన్నారు. రెండో ఆవిడ క్యాష్ (ఫోన్‌లో యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) తుడిచి, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. అంతమంది పిల్లల ఫోన్లలోనా అని అడిగితే, అవునన్నారు. మూడో ఆయనకు స్క్రీన్‌షాట్లు పంపాం, వీడియో కావాలన్నారు. వీడియో పంపిన రెండో రోజు ‘మీ నుంచి జవాబు రాలేదు’ అని టికెట్ మూసేశారు. మూసిన టికెట్‌లో జవాబు రాయడానికి వీలుండదు. కొత్తది తెరిస్తే కొత్త మనిషి, మళ్లీ ఇంటర్నెట్ స్పీడు. నాలుగో ఆయన పాత క్లాసు తొలగించి కొత్తది పెట్టుకోమన్నారు. అలా తొలగిస్తే పాత లింకుకున్న రికార్డింగులు, హోంవర్కు అన్నీ పోతాయని ఆయన చెప్పలేదు. అది మాకు తెలుసు కాబట్టి ఆగాం. తెలియని టీచర్లు ఎన్ని నెలల పాఠాలు పోగొట్టుకుని ఉంటారు?

2020 లాక్‌డౌన్ నాటి నుంచి ఏటా ముందే డబ్బు కట్టి మీ యాప్ మీదే పాఠాలు చెబుతున్నాం. మేం చెప్పాం కదా అని ఎన్నో కుటుంబాలు మీ దగ్గర చేరాయి. ఆ నమ్మకానికి ఒక ఫోన్ కాల్ విలువైనా ఇవ్వలేదు మీరు.

ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. టైమ్‌జోన్ల సంగతి తెలిసిన ఇంజనీరు మాతో నేరుగా మాట్లాడాలి, లేదంటే మిగిలిన నెలల చందా వెనక్కివ్వాలి. ఈసారి కూడా టికెట్ మూసేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాం, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, మా ఊళ్లోనే వేయొచ్చు.

ప్రస్తుతానికి ప్రతి వారం టైము చేత్తో మారుస్తున్నాం. 2026 మార్చి 8న అమెరికా గడియారాలు మళ్లీ ముందుకు జరుగుతాయి. ఆలోపు సరిచేయండి.

ఇట్లు,
తెలుగు క్లాసుల ఉపాధ్యాయ బృందం, హైదరాబాద్