ఉన్నదున్నట్టు మాట్లాడించిన చుయ్ యోంగ్‌యువాన్

ప్రియమైన మాధవా,

చైనా టీవీ వ్యాఖ్యాతలలో నాకు ఎవరంటే గౌరవమని అడిగావు కదా, చుయ్ యోంగ్‌యువాన్ అంటే గౌరవం. అయితే అతని అన్ని పోరాటాల మీదా నాకు ఒకే అభిప్రాయం లేదు.

1996లో చైనా ప్రభుత్వ టీవీ సంస్థ సీసీటీవీ ‘ఉన్నదున్నట్టు చెప్పు’ అనే చర్చా కార్యక్రమం మొదలుపెట్టింది. రాసిచ్చిన మాటలను గంభీరంగా చదివే ప్రభుత్వ టీవీలో ఇతను పెదవి ఒక పక్కకు వంచి నవ్వుతూ, స్టూడియోకి వచ్చిన మామూలు మనుషుల చేత మనసులోని మాట చెప్పించాడు. జనం అతన్ని ‘చిన్న చుయ్’ అని ముద్దుగా పిలుచుకున్నారు. అంత పేరు వచ్చిన రోజుల్లోనే నిద్ర పట్టక, మానసికంగా కుంగిపోయి, 2002లో ఆ కార్యక్రమం నుంచి తప్పుకున్నాడు. ఆ జబ్బు సంగతి అతను దాచుకోకపోవడమే నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

2003లో ఫెంగ్ షియావోగాంగ్ తీసిన ‘సెల్ ఫోన్’ సినిమాలో, భార్యను మోసగించే టీవీ వ్యాఖ్యాత పాత్ర తనను ఉద్దేశించినదేనని చుయ్ నమ్మాడు. ఆ కోపం పదిహేనేళ్లు చల్లారలేదు. 2018లో రెండో భాగం తీస్తున్నారని తెలియగానే, సినీరంగంలోని ‘యిన్-యాంగ్ ఒప్పందాల’ కాగితాలు చైనా సోషల్ మీడియా వేదిక వైబోలో పెట్టాడు: ఒకే పనికి పన్ను అధికారులకు చూపే చిన్న మొత్తంతో ఒకటి, నిజంగా చేతికందే మొత్తంతో మరొకటి. దాంతో మొదటి సినిమాలో నటించిన ఫాన్ బింగ్‌బింగ్ మీద అనుమానం పడింది; ఆమె నెలల తరబడి కనిపించకుండా పోయింది. అక్టోబరులో ఆమెను పన్నులు, జరిమానాలు కలిపి దాదాపు 88 కోట్ల యువాన్లు కట్టమన్నారు. సొంత పగతో మొదలుపెట్టినా, బయటపడిన మోసం నిజమైనదే కాబట్టి ఇక్కడ నేను అతని పక్షమే.

జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించిన విషయంలో మాత్రం అతన్ని సమర్థించలేను. 2013లో ఆ పంటలను సమర్థించే సైన్సు రచయిత ఫాంగ్ జౌజితో వాదానికి దిగి, అమెరికా వెళ్లి స్వయంగా డాక్యుమెంటరీ తీసుకొచ్చాడు గానీ, శాస్త్రీయ ప్రశ్నకు వ్యక్తిగత దూషణ జవాబు కాదు కదా! ఇద్దరూ ఒకరినొకరు కించపరిచారని 2015లో బీజింగ్ కోర్టు తేల్చింది.

2018 చివరలో చైనా సుప్రీం కోర్టులో ఒక గనుల కేసు దస్త్రాలు మాయమయ్యాయని గొడవ చేశాడు. తన గదిలోంచే అవి పోయాయని న్యాయమూర్తి వాంగ్ లిన్‌చింగ్ వీడియోలో చెప్పాడు. తీరా 2019 ఫిబ్రవరిలో అధికారిక దర్యాప్తు వాటిని తీసుకుపోయింది ఆ న్యాయమూర్తేనని ప్రకటించింది. దాన్ని నువ్వు ఎంతవరకు నమ్ముతావో రాయి.

నీ
శ్రీధర్