వణుకుడు జబ్బుకు ‘ఇమ్యూనిటీ’ పొడి ప్రకటనలా?

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకూ రక్తంలోని రోగనిరోధక కణాలకూ ఉన్న సంబంధంపై వ్యాసం వేశారు. సంతోషం. కానీ అదే పేజీ అడుగున ‘ఇమ్యూనిటీ పెంచి వణుకుడు వాతాన్ని సమూలంగా నయం చేసే’ పొడి ప్రకటన కూడా అచ్చయింది. పైన ఉన్న వ్యాసాన్ని కింది ప్రకటన కొట్టిపారేస్తున్న సంగతి పేజీ దిద్దినవారికి తట్టలేదేమో!

మెదడులో కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు చనిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుందని చాలామందికి తెలుసు. ఆ చావులో రోగనిరోధక వ్యవస్థకూ వాటా ఉందన్న అనుమానం నిన్న మొన్నటిది కాదు. 1988లో కెనడాలో మెక్‌గీర్ దంపతుల బృందం చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి, సరిగ్గా ఆ నాడీకణాలు ఉండే భాగంలోనే మెదడు కాపలా కణాలైన మైక్రోగ్లియా రెచ్చిపోయి ఉన్నాయని చూపింది. రక్తంలో తిరిగే టి కణాలు (రోగనిరోధక పని చేసే ఒక రకం తెల్ల కణాలు) కూడా అక్కడికి చేరుతున్నాయని 2009లో ఫ్రాన్స్ పరిశోధకులు గుర్తించారు. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు రోగుల రక్తం తీసి చూస్తే, నాడీకణాల్లో ఉండే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముక్కలను కొందరి టి కణాలు శత్రువుగా భావించి స్పందించాయి. అందరిలోనూ కాదు, కొందరిలోనే. జబ్బు బయటపడే ముందూ, బయటపడిన తొలి ఏళ్లలోనూ ఈ స్పందన ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుందని 2020లో వెల్లడించిన అధ్యయనం చెబుతోంది. ఈ కణాలే జబ్బుకు మూలమా, మొదలైన జబ్బును ముదిరేలా చేస్తున్నాయా అన్నది ఇంకా తేలలేదు.

ఇందులో ‘ఇమ్యూనిటీ పెంచాలి’ అనే మాట ఎక్కడ ఉంది? దాడి చేసే టి కణాలు ఉన్నట్టే, ఆ దాడిని అదుపు చేసే టి కణాలూ ఉంటాయి. రెండో రకానికి బలమిచ్చే మందును అమెరికాలోని నెబ్రాస్కాలో కొద్దిమంది రోగులపై పరీక్షించారు. మరోపక్క ఇంగ్లండ్‌లో రోగనిరోధక శక్తిని అణచే మందును ప్రయోగంలో పెట్టారు. పొడి అమ్మేవారు ఏ కణాలను పెంచుతారో డబ్బా మీద రాయమనండి చూద్దాం.

మా పెదనాన్నగారు ఇలాంటి పొడి నమ్మి, అమ్మినవాడి సలహా మీద, మెదడులో డోపమైన్‌గా మారి ఈ జబ్బును అదుపులో ఉంచే లెవోడోపా మాత్రలు మానేశారు. రెండు రోజులకే చొక్కా చేతిలో చెయ్యి దూర్చలేకపోయారు, ముద్ద నోటిదాకా రాలేదు. ఈ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, జ్వరం పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. అన్నట్టు, ఇలాంటి మందుల్లో తరచూ వాడే దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ఎంత మోతాదు పడుతుందో తెలియకుండా మాత్రలతో కలిపి వేసుకుంటే ఒళ్లు మెలికలు తిరగడం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి చిక్కులు వస్తాయి. గింజను తప్పుపట్టడం లేదు, లెక్కలేని వాడకాన్నే అంటున్నాను.

పరిశోధన వార్త వేసినప్పుడు అది ప్రయోగశాల దశలో ఉందా, చికిత్సగా వచ్చిందా అన్నది మొదటి పేరాలోనే చెప్పండి. ‘రక్తపరీక్షతో పార్కిన్సన్స్ గుట్టు’ వంటి శీర్షిక చదివి ల్యాబుకు పరుగెత్తేవారు ఉంటారు. నేటికీ ఈ జబ్బును ప్రధానంగా న్యూరాలజిస్టు రోగిని నడిపించి, చేతులు కదిలించి చూసే గుర్తిస్తారు. మామూలు రక్తపరీక్షలో తెల్ల కణాల సంఖ్య చూసి ఎవరూ తేల్చలేరు.

ఇక ప్రకటన సంగతి. మాయ మందుల ప్రకటనలను నిషేధించే 1954 నాటి కేంద్ర చట్టం కింద ఉన్న జబ్బుల జాబితాలో మెదడు రుగ్మతలు, నాడీ మండల రుగ్మతలు రెండూ ఉన్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటించడం నేరం, అలాంటి ప్రకటన అచ్చువేయడంలో పాలుపంచుకోవడమూ నేరమే. మీ ప్రకటనల విభాగం ఆ జాబితా నకలు ఒకటి తెప్పించుకుని బల్ల మీద పెట్టుకుంటే మంచిది. ఆదివారం ప్రకటన కత్తిరించి, ఫిర్యాదుతో పాటు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఏలూరు