పుట్టిన సంవత్సరంతో పాత్ర కొలవొద్దు

సంపాదకులకు నమస్కారం.

పాత సినిమాల్లో ఫలానా నటుడు ఫలానా పాత్రకు నప్పలేదంటూ మీ సినిమా పేజీలో వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు పుట్టిన సంవత్సరాల కూడికలూ తీసివేతలే. ఆ లెక్కే పట్టుకుంటే 1957 నాటి ‘మాయాబజార్’ నిలబడదు. అన్న బలరాముడు గుమ్మడి పుట్టింది 1927లో, తమ్ముడు కృష్ణుడు ఎన్టీఆర్ 1923లో. ఆ కృష్ణుడికి అల్లుడి వరసయ్యే ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు ఇద్దరికన్నా పెద్ద, 1918. అయినా వరసలు తారుమారైనట్టు ఎవరికీ అనిపించదు. గుమ్మడి మాటను నిదానంగా, బరువుగా దించుతారు. రంగారావు అంత భారీ మనిషీ కృష్ణుడి ముందుకొచ్చేసరికి కుర్రాడైపోతారు. తెరమీద వయసు చెప్పేది నడక, మాట విరుపు, ఎదుటివాడి వైపు తల ఎత్తే తీరు.

మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడితే ద్రౌపది వేషం మగవాడే కట్టేవాడు. అర్జునుడి వేషగాడు తపస్సు ఘట్టం కోసం పాతిన ఎత్తైన మాను ఎక్కుతుంటే ఆయన వయసెంతని కింద కూర్చున్నవాళ్లు అడగరు. పద్యం పలికిందా, అడుగు కుదిరిందా, అంతే.

అలాగని పొరపాట్లే లేవనను. 1977లో వచ్చిన ‘చాణక్య చంద్రగుప్త’లో చాణక్యుడు అక్కినేని, చంద్రగుప్తుడు ఎన్టీఆర్, ఇద్దరూ యాభై దాటినవారే. గురువు శిష్యుణ్ణి తీర్చిదిద్దుతున్నాడంటే నమ్మబుద్ధి కాదు, ఇద్దరు ఉద్దండులు సరిసమానంగా మాట్లాడుకుంటున్నట్టుంటుంది. పైగా రంగుల చిత్రం. ముఖానికి ఎంత పూసినా మెడ మడతలు, చేతి నరాలు దాగవు. నలుపు తెలుపులో వాటిని లైటింగు కొంత మింగేసేది.

నటుడి మీద వేసే నిందల్లో సగం మేకప్ గదివే. మీసం గమ్ముతో బిగించి అంటిస్తే పై పెదవి సరిగా కదలదు, ప, బ, మ నలిగిపోతాయి. కిరీటం బరువెక్కువైతే మెడ తిరగాల్సినచోట భుజాలు తిరుగుతాయి. చూసేవాళ్లు మాత్రం ‘ఈయనకు పౌరాణికం నప్పలేదు’ అనేస్తారు.

ఒకరకం వేషాలతో ముఖానికి ముద్ర పడిపోయింది, ఇక వేరే పాత్రకు నప్పరన్న వాదన కూడా నాకు ఎక్కదు. పి.పుల్లయ్య 1939లో తీసిన ‘బాలాజీ’లో మన ఏడుకొండలవాడు సీఎస్సార్ ఆంజనేయులు. ‘మాయాబజార్’ శకుని కూడా ఆయనే! అదే ‘బాలాజీ’లో పద్మావతి వేసిన శాంతకుమారి, 1960లో పుల్లయ్యే తీసిన ‘శ్రీ వెంకటేశ్వర మహత్యం’లో వకుళమాత.

గొంతు సంగతి వేరు. చిత్తూరు నాగయ్య ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947)లలో తన పాటలు తానే పాడుకున్నారు కాబట్టి మాటకూ పాటకూ అతుకు కనిపించదు. ‘మాయాబజార్’ ఘటోత్కచుడి పాటకు గాయకుడు మాధవపెద్ది సత్యం గొంతు పెట్టడం కూడా పాత్ర ఎంపికలో భాగమే. అక్కడ సన్నని గొంతు పెట్టివుంటే రంగారావు విగ్రహం సగం చిక్కిపోయేది.

అందుకని ఉత్తరం రాసేవారు ముందు సౌండ్ తీసేసి, ఆ నటుడు మరొకరితో కలిసి ఉన్న సీను ఒక ఐదు నిమిషాలు చూడండి. తర్వాత అదే సీను కళ్లు మూసుకొని వినండి. చూసినప్పుడు కుదిరి విన్నప్పుడు చెడితే లోపం గొంతులోనో, అంటించిన మీసంలోనో వెతకాలి. రెండుసార్లూ చెడితేనే, ఆ పాత్రకు ఆయన్ను తీసుకున్నవారిని తప్పుపట్టండి.

– ఒక పాఠకుడు, తిరుపతి