ఆ బ్రేకుకు ఏమైందో చెప్పించండి మంత్రిగారూ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

అయ్యా, మొన్న మే నెలలో గన్నవరంలో హైదరాబాద్ విమానం రన్‌వే దాకా పోకుండానే బ్రేకు పట్టేసి ఆగిపోయిన సంగతి మీ ఆఫీసుకు తెలిసే ఉంటుంది. నేను అర్జీ పెట్టిన ప్రతిసారీ 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తోంది మరి. ఏం పరిష్కరించారో మాత్రం అందులో ఉండదు. విమానం కంపెనీ వాళ్ళు 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అన్నారు. మర్నాడు ప్రయాణం ఎలా సాగిందో స్టార్లు ఇవ్వమన్నారు. సాగితే కదండీ ఇవ్వడానికి!

నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. విమానాల గురించి నీకేం తెలుసంటారేమో. ఒక పక్క బ్రేకు వదలకపోతే బండి ఆ పక్కకే లాగుతుందని తెలుసు. ఆ రోజు మలుపు తిరగ్గానే విమానం ఎడమకు లాగి, ఒక్క కుదుపుతో ఆగింది. 'చిన్న సాంకేతిక కారణం' అని చెప్పి ఇంజిన్లు ఆపేశారు. ఏసీ పోయింది. బయట రోహిణి ఎండ. మా ఆవిడ షుగరు మనిషి, మంచినీళ్ళు అడిగితే 'ఇదిగో తెస్తున్నాం సార్' అన్నవాళ్ళు మళ్ళీ కనపడలేదు.

తలుపు తీశాక కాలిన వాసన గుప్పున కొట్టింది. ఫైరింజను వచ్చి ఉంది. చక్రానికి పక్కగా ఎవరూ నిలబడొద్దని అందులో ఒకాయన కేకలేస్తున్నాడు. ఎందుకంటే వేడెక్కిన చక్రం పగిలితే ముక్కలు పక్కకే ఎగురుతాయి. చక్రంలో ఫ్యూజ్ ప్లగ్ అని ఉంటుంది, వేడి మరీ ఎక్కువైతే అది కరిగి గాలి వదిలేస్తుంది, టైరు పేలకుండా. ఇంత తతంగం ఉన్నదాన్ని 'చిన్న కారణం' అని ఎవరు తేల్చారండీ?

1963 సెప్టెంబరు 4న స్విట్జర్లాండులో ఏం జరిగిందో మీ శాఖలో పెద్దలకు తెలియనిది కాదు. పొగమంచు చెదరగొడదామని ఇంజిన్ల జోరు పెంచి, బ్రేకులు తొక్కుతూ విమానాన్ని రన్‌వే మీద నడిపారు. వేడెక్కిన బ్రేకులతోనే ఎగిరింది. మంటలంటుకుని 80 మంది పోయారు. మాది ఎగరకముందే ఆగడం మా అదృష్టం, దానికి కంపెనీ గొప్పేం లేదు.

'గాలిలో జరగలేదు కదా, ప్రమాదం కిందికి రాదు' అని ఫోనులో ఒకమ్మాయి సెలవిచ్చింది. అంతర్జాతీయ నిబంధనల 13వ అనుబంధం ప్రకారం, ప్రయాణానికని మనిషి విమానం ఎక్కింది మొదలు అందరూ దిగేదాకా జరిగేదంతా లెక్కే. నేల మీద ఏమీ కాదనుకోవడానికి 2021 ఫిబ్రవరిలో దోహా నుంచి వచ్చిన విమానం ఇదే గన్నవరంలో రెక్కతో లైటు స్తంభాన్ని కొట్టలేదూ?

బ్రేకు సరిగా లేని బస్సును గేటు దాటిస్తే మాకు ఛార్జిషీటు ఇచ్చేవారు. ఎవరు విప్పారు, ఏం మార్చారు, అన్నీ సంతకంతో రాయాలి. ఇక్కడా రాసే ఉంటారు. ఆ కాగితం చూపించమంటున్నాను, అంతే. నష్టపరిహారం అడగలేదు, ఫ్రీ టికెట్టూ వద్దు. ఆ బ్రేకుకు ఏమైంది? ఎవరు చూశారు? అదే విమానాన్ని మళ్ళీ ఎప్పుడు తిప్పారు? మీరు గట్టిగా ఒక మాటంటే సాయంత్రానికల్లా జవాబు వస్తుంది. కాస్త అనండి సార్. తెలుగులోనే ఇప్పించండి, మా ఆవిడ కూడా చదువుకుంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్,
విజయవాడ